పక్క సీటు

"ఇంతేనా? ఇంకా ఎక్కడికైనా ఉందా?" అని అడిగాడు కర్ట్, ట్రక్కు ఇంజను ఆపకుండానే.

మాటలో కోపం లేదు. విసుగు ఉందని కూడా గట్టిగా చెప్పలేం. వేళ్ళు మాత్రం స్టీరింగు మీద టకటకలాడుతున్నాయి. డార్లా సరుకుల సంచులు కాళ్ళ దగ్గర సర్దుకుని తలుపు వేసుకుంది. నిజానికి ఇంకా రెండు చోట్ల పని ఉంది. మందుల షాపులో మాత్రలు తీసుకోవాలి, లైబ్రరీలో పుస్తకాలు మార్చుకోవాలి. ఏ వీధి తర్వాత ఏ వీధి వస్తే ట్రక్కు వెనక్కి తిప్పక్కర్లేదో చూసుకుని మరీ పొద్దున్నే కాగితం మీద వరసగా రాసుకుంది. కాగితం కోటు జేబులోనే ఉంది.

"ఇంతే," అంది.

ఇల్లు చేరేదాకా ఆమె బుర్రలో తిరిగింది ఒకటే. మాత్రలు బుధవారం దాకా వస్తాయి. బుధవారం ఎవర్నడగాలి?

డార్లా ఫుర్మన్‌కి యాభై రెండేళ్ళు. పదహారో ఏట నుంచీ కారు నడిపింది. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ బ్రెన్నర్ ఊళ్ళోనే పుట్టింది, ఇక్కడే పెళ్ళి చేసుకుంది, పన్నెండేళ్ళుగా ఇక్కడే పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని పేషెంట్లకి టైములిస్తోంది. ఇరవై వేల జనాభా ఉన్న ఊరికి బస్సు లేదన్న సంగతి మొన్న ఆగస్టు దాకా ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. ఆగస్టు మూడో తారీకున, ఒక పేషెంటుకి ఫోన్‌లో టైము చెబుతూ చెబుతూ కుర్చీలోంచి కింద పడిపోయింది. కళ్ళు తెరిచేసరికి అంబులెన్సులో ఉంది. ఫిట్స్ అన్నారు. ఎందుకొచ్చిందో చెప్పలేమన్నారు. మాత్రలు రాసిచ్చిన నరాల డాక్టరు చివర్లో, అదేదో చిన్న సంగతన్నట్టు, "ఆరు నెలలు మళ్ళీ రాకుండా ఉంటే అప్పుడు లైసెన్సుకి సంతకం పెడతాను. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోకూడదు" అన్నాడు.

"ఆరు నెలలే కదా బంగారం, నేను లేనూ?" అన్నాడు ఆమె భర్త కర్ట్ ఆ రోజు. ఆమె చెయ్యి పట్టుకుని అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాడు. ఆ మాటకి ఆసుపత్రి మంచం మీద ఆమె ఏడ్చింది కూడా, ఇంతకన్నా ఏం కావాలని.

సెప్టెంబరు వెళ్ళేసరికి ఆమెకి ఒకటి అర్థమైంది. తను ఎవరినైనా ఎక్కడికైనా తీసుకెళ్తే దానికి పేరు లేదు. తనని ఎవరైనా తీసుకెళ్తే దానికి సాయం అని పేరు. కూతురు ట్రిష ఈతకి వెళ్ళిన ఎనిమిదేళ్ళూ తెల్లవారుజామున కారు మీద మంచు గీకి కొలను దగ్గర దించింది. కర్ట్ మోకాలికి ఆపరేషనైతే తొమ్మిది వారాలు షాపుకీ వ్యాయామానికీ తిప్పింది. అత్తగారు ఆర్డిస్‌కి మూత్రపిండాలు పోయాక, వారానికి మూడు రోజులు ముప్ఫై ఐదు మైళ్ళ అవతల ఉన్న పెద్ద ఊరికి డయాలసిస్‌కి తీసుకెళ్ళింది, మూడేళ్ళు. అందుకని క్లినిక్‌లో మధ్యాహ్నాలు వదులుకుంది. ఆ మూడేళ్ళలో ఆర్డిస్ అన్న మాట, "నీకెలాగూ అటువైపు పనులుంటాయిగా." ఇప్పుడు కర్ట్ తీసుకెళ్తుంటే ఆవిడే ఫోన్‌లో చెల్లెలితో అంటుంది, "పాపం నా కొడుకు, షాపు ఒదులుకుని నా కోసం, దాని కోసం తిరగలేక చస్తున్నాడే." డార్లా పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కర్ట్ నిజంగానే అలిసిపోతున్నాడు. ఆ అలసటని చూసేవాళ్ళు అతనికి ఉన్నారు, అంతే.

కర్ట్ వ్యవసాయ యంత్రాల విడిభాగాల షాపు ఏడింటికి తెరవాలి. పళ్ళ క్లినిక్ ఎనిమిదింటికి. అందుకని ఆరూ యాభైకల్లా డార్లాని పెట్రోలు బంకు దగ్గర దించేస్తాడు. అక్కడ కాఫీ మిషను పక్కన బల్ల మీద రోజూ కూర్చునే నలుగురు ముసలి రైతులున్నారు. వాళ్ళలో గ్లెన్ అనే ఆయనది రోజూ ఒకటే మాట. "ఏం డార్లా, మీ ఆయన నిన్ను ఇక్కడ మర్చిపోయి పోయాడా?" మొదటి వారం ఆమె నవ్వింది. రెండో వారం కూడా నవ్వింది. తర్వాత నవ్వు దానంతటదే వచ్చేది, తలుపు తోస్తే మోగే గంటలాగా. ఆ గంటసేపూ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి క్లినిక్ వెనక మెట్ల వైపు చూస్తూ కూర్చునేది.

చర్చిలో పాస్టరు గారి భార్య ఆమె పేరు ప్రార్థనల జాబితాలో వేసింది. దాంతో ఊరందరికీ తెలిసింది. కాగితం పెట్టి ఎవరు ఏ రోజు డార్లాని తిప్పుతారో రాయించింది. మొదటి రెండు వారాలు కాగితం నిండా పేర్లే. ఇంటికి మూడు ట్రేల నూడిల్స్, చీజు వేసి కాల్చిన బంగాళదుంపలు వచ్చాయి. అక్టోబరు వచ్చేసరికి మిగిలింది మంగళవారం పెగ్ ఒక్కతే. పెగ్ మంచి మనిషి. కారెక్కగానే అడుగుతుంది, "ఎక్కడికమ్మా? ఎందుకూ? అదేంటి, మొన్ననేగా వెళ్ళావు?" ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాల్సి వచ్చింది ఒకసారి. ఎందుకో కూడా చెప్పాల్సి వచ్చింది. "నా వదినకీ అంతే, ఆగకుండా పోయేది, చివరికి గర్భసంచి తీయించేసింది," అంది పెగ్ ఎర్ర దీపం దగ్గర ఆగి, పక్క కారులోంచి చెయ్యూపిన వాళ్ళకి తనూ చెయ్యూపుతూ.

ఇవన్నీ భరించొచ్చు. డార్లా భరించలేకపోయింది వేరే ఉంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. డయాలసిస్‌కి నాలుగు గంటలు పట్టేది. ఆర్డిస్‌ని లోపల కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, డార్లా కారు తీసుకుని నది ఒడ్డుకి వెళ్ళిపోయేది. అక్కడ కారాపుకుని సీటు వెనక్కి వాల్చి ఊరికే కూర్చునేది. ఒక్కోసారి డోనట్ తినేది. ఒక్కోసారి గొంతెత్తి పాడేది. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అద్దంలో చూసుకుని వెళ్ళేది. మూడు పడగ్గదుల ఇంట్లో ఆమె గడియ వేసుకోగలిగిన తలుపు ఒక్కటీ లేదు. కారుకి నాలుగు తలుపులు, నాలుగింటికీ గడియలు. మందుల షాపుకి తీసుకెళ్ళమని అడగొచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని అడగొచ్చు. ఎక్కడికీ వద్దు, నాలుగు గంటలు నన్ను నది దగ్గర వదిలేసి పో అని మనిషి మనిషిని ఎలా అడుగుతుంది? "ఎందుకూ?" అంటే ఏం చెబుతుంది?

నవంబరులో ఒక బుధవారం, మాత్రలు ఆ రోజుతో అయిపోతాయనగా, ఎవర్నీ అడక్కుండా మందుల షాపుకి నడిచి వెళ్ళింది. రెండు మైళ్ళు. కోర్టు దాటాక కాలిబాట ఆగిపోయింది. తర్వాత హైవే పక్కన గడ్డి, మట్టి, కార్లలోంచి విసిరిన డబ్బాలు. వెనకనుంచి ట్రక్కులు రయ్యిమని పోతుంటే కోటు ఎగిరిపోతోంది. ఎదురుగా ఒకావిడ నడిచి వస్తోంది, మాంసం ఫ్యాక్టరీ రబ్బరు బూట్లు చేత్తో పట్టుకుని. ఆవిణ్ణి డార్లా ఐదారేళ్ళుగా ఎరుగును. ఎండలో, వానలో, మంచులో ఇదే రోడ్డు పక్కన నడుస్తుంటే కారులోంచి చూసి "అయ్యో పాపం" అనుకునేది. ఒక్కసారీ ఆపలేదు. ఆవిడ దగ్గరికొచ్చి, వచ్చీరాని మాటలకి చేతి సైగలు కలిపి చెప్పింది, "ఇటు కాదు. అటు. కారు మొహం చూడాలి." డార్లాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కార్లు ఎదురుగా వచ్చే వైపు నడవాలి, వెనకనుంచి వచ్చేది మనకి కనపడదు. ముప్ఫై ఆరేళ్ళు ఈ రోడ్ల మీద కారు నడిపి కూడా ఆ ముక్క ఆమెకి తెలీదు. రోడ్డు దాటి అటువైపు వెళ్ళింది. పేరడగాలన్న ఆలోచన ఆవిడ దూరమయ్యాక గానీ రాలేదు.

మందుల షాపు లోపల భోజనాల విరామం. తలుపు వేసేసి ఉంది. పక్కన, కారు దిగకుండా మందులు తీసుకునే కిటికీ మాత్రం తెరిచి ఉంది. రెండు కార్ల మధ్య వరసలో నిలబడింది. ముందు కారు పొగ మొహానికి కొడుతోంది, వెనక కారు వాడు ఏమిటీ మనిషన్నట్టు చూస్తున్నాడు. వంతు వచ్చాక కిటికీ వెనక పిల్ల మైకులో, "కారు లేకుండా వస్తే ఇవ్వకూడదండీ. ప్రమాదమని రూలు పెట్టారు," అంది.

"కారు నడపకూడని జబ్బుకేగా తల్లీ ఈ మాత్రలు," అంది డార్లా.

"తెలుసండీ. సారీ అండీ. గంటాగితే తలుపు తీస్తారు."

ఆ గంట చెత్త డబ్బాల పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. మాత్రలు తీసుకుని తిరిగి వస్తుంటే పోలీసు కారు పక్కకి వచ్చి మెల్లగా ఆగింది. ట్రిషతో చదువుకున్న కుర్రాడే. "మిసెస్ ఫుర్మన్, ఒంట్లో బాగానే ఉందా? కర్ట్ గారికి తెలుసా మీరిలా వచ్చినట్టు? ఎక్కండి, దింపేస్తాను." బాగానే ఉంది, నడుస్తున్నాను, అంది. అతను కదల్లేదు. దీపాలు వెలిగించుకుని ఆమె నడక వేగంతో పక్కనే వచ్చాడు. దారిన పోయే కార్లన్నీ నెమ్మదించి చూస్తున్నాయి. యాభై గజాలు నడిచి, ఎక్కి కూర్చుంది.

సాయంత్రం కర్ట్ కోటు కూడా విప్పకుండా అన్నాడు. "నలుగురు ఫోన్ చేశారు. నలుగురు డార్లా. నేను నిన్ను రోడ్డు మీద వదిలేసినట్టు. ఒక్క మాట అడగడానికేం?"

"అడగాలనిపించలేదు."

"నేనెప్పుడన్నా కాదన్నానా?"

అనలేదు. ఎప్పుడూ కాదనలేదు. డార్లా పొయ్యి వైపు తిరిగింది.

డిసెంబరులో పళ్ళ డాక్టరు ఆమెని లోపలికి పిలిచి, ఒక పూలకుండీ చేతికిచ్చి, ముందు బల్లకి కొత్త అమ్మాయిని తీసుకుంటున్నానని చెప్పాడు. డార్లా వారానికి రెండు రోజులొస్తే చాలు. "నీ ఆరోగ్యం కన్నా ఏదీ ఎక్కువ కాదు డార్లా. శుక్రవారం బాస్కెట్‌బాల్ ఆట దగ్గర కర్ట్ కనిపిస్తే మాట్లాడాను. అతనూ ఇదే మంచిదన్నాడు." శుక్రవారం నుంచి ఈ రోజుకి నాలుగు రోజులు. నాలుగు రోజులూ కర్ట్ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, పక్కనే కూర్చోబెట్టుకుని తిప్పాడు. "చెప్పలేదేం?" అని అడిగితే, "ఆయన నోటితో చెప్తేనే బాగుంటుందనుకున్నా," అన్నాడు. ఆమె కుండీని ట్రక్కులో ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టింది.

క్రిస్మస్ వెళ్ళింది. ఆరు నెలలూ నిండేది ఫిబ్రవరి మూడు అని అందరూ చెప్పుకుంటున్నారు, పండగలాగా. ఆర్డిస్ అయితే రోజుకోసారి అనేది, "ఆ ట్రక్కు ఎక్కాలంటే నా ప్రాణం పోతోందమ్మా. నీ కారయితే హాయి. వాడేమో రేడియో గోల." అత్తగారు తన గురించి ఒక మంచి మాట అనడం డార్లా వినడం అదే మొదలు.

జనవరి పద్నాలుగు, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కర్ట్ పైన టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాడు. డార్లా కింద నేలమాళిగలో డ్రయ్యరులోంచి దుప్పట్లు తీస్తోంది. దుప్పటి అంచు పట్టుకోవడం గుర్తుంది. తర్వాత చెంప కింద చల్లటి సిమెంటు, నోట్లో రక్తం రుచి. డ్రయ్యరు తలుపు తెరిచే ఉంది. తను వేసుకున్న బట్టలు తడిసి ఉన్నాయి. ఎంతసేపైందో తెలీదు. పైన టీవీలో జనం అరుస్తున్నారు. మొదట ఆమెకి తన పేరు గుర్తు రాలేదు. తర్వాత పేరు వచ్చింది, తర్వాత తారీకు వచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఒళ్ళు నొప్పికి కాదు, తారీకుకి.

బట్టలు మార్చుకుని, తడిసినవి మిషనులో వేసి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని పైకి వెళ్ళింది. కర్ట్ తల తిప్పి చూసి, "మూతికి ఏమైంది?" అన్నాడు. చెప్పింది. అతను టీవీ గొంతు తగ్గించాడు.

"ఎవరన్నా చూశారా?"

"నేలమాళిగలో ఎవరు చూస్తారు కర్ట్?"

"అదే నేననేది. అసలది ఫిట్సేనని ఏంటి? కళ్ళు తిరిగి పడ్డావేమో. మధ్యాహ్నం సరిగ్గా తిన్లేదు కూడా నువ్వు."

డార్లా నాలుక చాపి చూపించింది. పక్కన పళ్ళ గాటు, నల్లగా. కర్ట్ చూసి కళ్ళు దించుకున్నాడు. చాలాసేపు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"మూడు వారాలు డార్లా. మూడంటే మూడు. ఇప్పుడిది చెప్పావంటే మళ్ళీ మొదటికొస్తాం. జులై దాకా. నా వల్ల కాదు. నిజంగా కాదు, నేను మనిషినే."

"చెప్పకుండా కారు తియ్యమంటావా?"

"నువ్వు నడిపేది ఊళ్ళోనేగా. మెల్లగా పోతావు. తేడాగా అనిపిస్తే పక్కకి తీసి ఆపెయ్. ముందే తెలుస్తుందిగా."

ముందే తెలియదు. రెండుసార్లూ తెలియలేదు. మొదటిసారి తెలియలేదని ఆగస్టులో అతని ఎదుటే డాక్టరుకి చెప్పింది. అయినా ఆమె వాదించలేదు. తల బరువుగా ఉంది, మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది. ఒక్కటి మాత్రం అడిగింది. "మరి ఆర్డిస్? నేనే వస్తానని ఆవిడ కాచుక్కూచుంది. హైవే మీద ముప్ఫై ఐదు మైళ్ళు."

అతను ఎక్కువసేపు ఆలోచించలేదు.

"అమ్మని నేనే తీసుకెళ్తాలే కొన్నాళ్ళు," అన్నాడు. "నువ్వు కుదుటపడే దాకా అమ్మ నీ కారెక్కడం ఎందుకు."

తను అన్న మాట అతనికే వినపడలేదు. వినపడి ఉంటే మొహం మారేది, ఆమె ఆ మొహంలోకే చూస్తోంది. ఏమీ మారలేదు. ఒక చిక్కు తీరినవాడిలా సోఫాలో వెనక్కి వాలి, ఆమె చెయ్యి తట్టి, టీవీ గొంతు పెంచాడు. డార్లా అక్కడే నిలబడి ఉంది. వాళ్ళమ్మని వారానికి మూడుసార్లు, రానూ పోనూ డెబ్భై మైళ్ళు తిప్పుతాడు. అది అతని వల్ల అవుతుంది. తనని రెండు మైళ్ళ అవతల దించడం అతని వల్ల కాదు. అమ్మ ఆ కారులో ఉండకూడదు. తను ఉండొచ్చు. ఆ కారు ఎదుటికి వచ్చే ఎవరైనా, హైవే పక్కన బూట్లు చేత్తో పట్టుకుని నడిచే మనిషైనా, ఉండొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అతను ఆమెని కొట్టలేదు, తిట్టలేదు, ఎవరితోనూ తిరగలేదు. ఆ రోజు కూడా అతను చెడ్డమాట ఏదీ అనలేదు.

ఆమె మాట్లాడకపోవడాన్ని కర్ట్ ఒప్పుకోలు అనుకున్నాడు. తర్వాతి మూడు వారాలూ అతను ఎప్పుడూ లేనంత మంచిగా ఉన్నాడు. షెడ్డులో ఉన్న ఆమె కారు మీద దుమ్ము కడిగాడు, బ్యాటరీ చార్జి చేశాడు, టైర్లలో గాలి చూశాడు. కాఫీ మంచం దగ్గరికి తెచ్చిచ్చాడు. ట్రిషకి ఫోన్‌లో, "మీ అమ్మ మళ్ళీ రోడ్డెక్కబోతోందోయ్, ఊళ్ళో అందర్నీ పక్కకి తప్పుకోమని చెప్పు," అని నవ్వాడు. డెన్వర్లో ఉన్న ట్రిష అటునుంచి నవ్వింది. ఆ మూడు వారాలూ డార్లా తన కారుని కలలో చూసింది. నది, వాల్చిన సీటు, నాలుగు గడియలు. చెప్పకపోతే సోమవారానికల్లా అది తనది. ఒక్క మాట మింగితే చాలు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని మింగలేదు?

ఫిబ్రవరి ఐదున నరాల డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. నర్సు ట్రేసీ కంప్యూటరు ముందు కూర్చుని అడిగింది, "పోయినసారి చూపించుకున్నాక మళ్ళీ ఏమైనా వచ్చిందా?"

"ఏం లేదు," అన్నాడు కర్ట్. "ఆరు నెలలూ శుభ్రంగా ఉంది."

"వచ్చింది," అంది డార్లా. "జనవరి పద్నాలుగు. మధ్యాహ్నం రెండు, రెండున్నర మధ్య. నాలుక కొరుక్కున్నాను. ఒంటరిగా ఉన్నాను."

ట్రేసీ ఇద్దరి మొహాలూ చూసి, కీబోర్డు మీద టైపు చేసింది. డాక్టరు వచ్చాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు, మాత్ర మోతాదు పెంచాడు. సంతకం పెట్టలేదు. "పద్నాలుగు నుంచి మళ్ళీ లెక్క మొదలు. జులైలో చూద్దాం," అన్నాడు. చెప్పినందుకు మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పుని ఏం చేసుకోవాలో డార్లాకి తెలియలేదు. కర్ట్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "ట్రక్కు వేడెక్కిస్తా," అని గోడతో చెప్పి వెళ్ళిపోయాడు.

ట్రేసీ వివరాలు సరిచూస్తోంది. చిరునామా అదేనా? అదే. ఫోను నంబరు? అదే.

"ఆపదొస్తే ఎవరికి చెప్పమంటారు? కర్ట్ గారేనా?"

డార్లా కిటికీలోంచి చూసింది. బయట మంచులో ట్రక్కు పొగ తెల్లగా లేస్తోంది. "ఆ పేరు తీసేయొచ్చా?" అని అడిగింది.

"తీసేస్తా. ఎవరి పేరు వెయ్యను?"

ఆమె వెతికింది. నిజంగానే కూర్చుని వెతికింది. ట్రిష డెన్వర్లో ఉంది, పది గంటల దారి. అమ్మ పోయి ఏడేళ్ళు. పెగ్ వస్తుంది, కానీ పెగ్‌తో పాటు చర్చి మొత్తం వస్తుంది. తను పుట్టి పెరిగిన ఊళ్ళో, తన పేరు తెలియని ఇల్లు లేని ఊళ్ళో, తను పడిపోతే కబురు చెప్పడానికి ఒక్క పేరు నోటికి రాలేదు.

"ఖాళీగా వదిలెయ్."

"ఖాళీ ఉంటే ఇది ముందుకి పోదండీ," అంది ట్రేసీ, నిజంగా బాధపడుతూ. "ఏదో ఒకటి ఉండాలి."

బయట హారను మోగింది. ఒక్కసారే, పొట్టిగా.

"సరే, ఆ పేరే ఉంచు," అంది డార్లా. లేచి కోటు వేసుకుంటూ తెర వైపు వంగి చూసింది. కర్ట్ పేరు పక్కన గడిలో 'భర్త' అని ఉంది. "ఇది మార్చొచ్చా?"

ట్రేసీ దాని మీద నొక్కితే జాబితా కిందికి జారింది. తల్లి, తండ్రి, కూతురు, కొడుకు, పొరుగువారు. "మీకేం కావాలి?" అంది, అర్థం కాక.

"కిందకి పోనీ. ఇంకా కిందకి."

జాబితా చివర్న ఒక్క మాట మిగిలింది. 'ఇతరులు'.

"అది పెట్టు," అంది డార్లా. చేతి తొడుగులు వేసుకుని, ఇంటికి పోవడానికి వేరే దారి లేదు గనక, ట్రక్కు వైపు నడిచింది.